కొర్రపుట్టు అప్పగింత

కొర్రపుట్టు గ్రామసభకు ఈసారి కూడా జనం వచ్చారు, కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు.

ఇలా జరగడం ఇది మూడోసారి. మండల ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి వేలిముద్రల ఇంకు డబ్బా మూత తీయకుండానే సంచిలో పడేసుకున్నాడు. అరకు వెళ్ళే ఆఖరి జీపు దాటిపోతుందేమోనని అతని కంగారు. ఫిలిప్పు మాత్రం కదల్లేదు. ఊరి మధ్య రాతి పలకల మీద కూర్చున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరే లేచి, వెళ్ళే ముందు తన ముఖంలోకి చూసి వెళ్ళడం అతను గమనించాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరి పోలికో వెతుక్కుంటున్నట్టు ఉంది.

ఫిలిప్పు పని అనుమతులు తేవడం. విశాఖపట్నంలో భాను అనే ఇంజనీరు చిన్న కంపెనీ పెట్టింది. కరెంటు స్తంభాలు ఎక్కలేని కొండ ఊళ్ళకు వాగునీటితో తిరిగే చిన్న టర్బైన్లు తయారు చేస్తుంది. గాజువాకలో అద్దె షెడ్డులో పనిచేస్తున్న ఆ కంపెనీని కొండల్లోకే తేవాలని ఆమె పట్టుదల. కొర్రపుట్టు పక్కనే జలపాతం ఉంది, తయారైన యంత్రాన్ని అక్కడికక్కడే పరీక్షించుకోవచ్చు. ఎప్పుడో మూతపడిన ప్రభుత్వ పట్టుపురుగుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. ఏజెన్సీలో బయటివాళ్ళకు భూమి ఇవ్వకూడదు కాబట్టి షెడ్డును ఊరి మహిళా సంఘం పేరు మీదే తీసుకునేలా ఏర్పాటు చేశారు. కాలుష్య మండలి, కరెంటు ఆఫీసు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, అందరూ సరేనన్నారు. మిగిలింది గ్రామసభ తీర్మానం ఒక్కటే. అది మార్చి నెలాఖరులోగా రాకపోతే ఢిల్లీ నుంచి రావలసిన గ్రాంటు రద్దవుతుంది. యంత్రాలు గాజువాకలోనే ఉండిపోతాయి, ఫిలిప్పు ఇంట్లో కూర్చుంటాడు. భాను ఆ మాట ఫోన్‌లో మర్యాదగానే చెప్పింది. ఇప్పటికే మార్చి సగం గడిచింది.

ఎవరో అడ్డుపడుతున్నారని ఫిలిప్పు అనుకున్నాడు. అతని అనుభవంలో ఏ కాగితమూ దానంతట అది ఆగదు. దాని మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఆ మనిషి ఎవరో, ఏం కావాలో కనుక్కుంటే లేస్తాడు. మొదట రాతి క్వారీ వాళ్ళను అనుమానించాడు. అరకు బస్టాండు దగ్గర టీ తాగుతూ క్వారీ మేస్త్రీని కదిపి చూస్తే, కొర్రపుట్టు ఎక్కడుందో కూడా ఆ మనిషికి తెలియదు. డీజిలు జనరేటర్లు అద్దెకిచ్చే షావుకారును అడిగితే నవ్వాడు. ఆ ఊరికి తన జనరేటరు ఎప్పుడూ వెళ్ళలేదట. పెళ్ళిళ్ళకు కూడా ఎవరూ అడగరు, చీకటి ఆ ఊరికి బాధ కాదన్నాడు.

ఇక మిగిలింది షెడ్డు. ఫిలిప్పు మర్నాడు మిట్టమధ్యాహ్నం ఒంటరిగా అక్కడికి వెళ్ళాడు.

తలుపుకు తాళం లేదు. లోపల నేల అలికి ఉంది. పట్టుపురుగులు పెంచిన వెదురు తట్టలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి, ఒక్కదాని మీదా దుమ్ము లేదు. మూల ఒక గొంగడి మడత పెట్టి ఉంది. దాని పక్కన ఆకు దొన్నెలో అంబలి. వేలు పెట్టి చూశాడు. వేడిగా ఉంది.

అప్పుడు ఎవరో దగ్గారు.

పొడి దగ్గు. లోలోపల చాలాసేపు ఆపుకుని దగ్గినట్టుంది. తట్టల వెనక నుంచి వచ్చింది. ఫిలిప్పు ఎవరని అడిగాడు. తట్టలు ఒక్కొక్కటీ పక్కకు జరిపాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. గోడకు చెవి ఆనించాడు. అవతల ఎండలో పురుగుల రొద. మళ్ళీ దగ్గు వినిపించింది, ఈసారి అతని వెనక, గొంగడి ఉన్న మూల నుంచి. వెనక్కి తిరిగేసరికి దొన్నెలో అంబలి మీద మీగడ కట్టి, చల్లారిపోయి ఉంది.

అతను బయటికి నడవలేదు, పరిగెత్తాడు. గుమ్మం దగ్గర ఒక ముసలామె నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. ఢీకొట్టబోయి ఆగాడు.

"బెదరకు," అంది ఆమె. "కొత్తోళ్ళొస్తే అలగే దగ్గుతాడు. నువ్వు మంగ్లు గుంటడివి కాదేటి?"

మంగ్లు అనే పేరు ఫిలిప్పు విని చాలా కాలమైంది. అతని తండ్రి జ్ఞానస్నానం తీసుకుని మోసెస్ కాకముందు మంగ్లు. ఫిలిప్పు పుట్టకముందే కొండ దిగి పాచిపెంటలో స్థిరపడ్డాడు. చనిపోయే వరకూ పైకి తిరిగి వెళ్ళలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు.

ముసలామె పేరు చిన్నమ్మి. ఆమె భర్త బుధు ఈ షెడ్డుకు కాపలాదారు. పట్టుపురుగుల శాఖ వాళ్ళు షెడ్డు మూసేసి వెళ్ళిన ఏడాది జ్వరం వచ్చి ఆ మూలనే చనిపోయాడు. ఆ సంగతంతా ఆమె నీళ్ళు చల్లుకుంటూ చెప్పింది. మిగిలింది సాయంత్రం ఊరి పెద్ద సుక్రు చెప్పాడు.

ఊరి మధ్యనున్న రాతి పలకలు ఊరికే కూర్చోవడానికి వేసినవి కావు. ఒక్కోటీ చనిపోయిన ఒక్కో మనిషి పేరున వేసింది. రాయి వేసేవరకు చనిపోయినవాడు పోయినట్టు కాదు. చనిపోయిన చోటే ఉంటాడు, ఇంటివాళ్ళు కూడు పెట్టాలి. రాయి వేసే రోజున అతన్ని ఒక దున్నపోతులోకి పిలుస్తారు. ఆ దున్నను పరాయి ఊళ్ళో ఉండే అతని నేస్తం వచ్చి తోలుకుపోయి కోస్తాడు, అతని ఇంటిల్లిపాదీ తింటారు. అలా తింటే చనిపోయినవాడు నేస్తం ఇంటికి చేరినట్టు. ఇక తిరిగి రాడు. బుధుకు నేస్తం కట్టిన మనిషి మంగ్లు. మంగ్లు మతం పుచ్చుకున్నాక రాలేదు. నేస్తం ఇంటివాళ్ళను పిలవకూడదు, తమంతట తామే వచ్చి మా మనిషిని తీసుకుపోతామని అడగాలి.

అంటే మూడు గ్రామసభల్లోనూ ఊరంతా ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఫిలిప్పు వస్తున్నాడు, కూర్చుంటున్నాడు, షెడ్డు గురించి మాట్లాడుతున్నాడు. మనిషి గురించి అడగడం లేదు.

ముందే చెబితే సరిపోయేది కదా అన్నాడు ఫిలిప్పు, కొంచెం విసుగ్గానే.

"నువ్వు కాగితమడిగావు," అన్నాడు సుక్రు. "షెడ్డు కాళీగా ఉందని ఆ కాగితంలో రాసుకొచ్చావు. అందులో మనిషున్నాడు బాబూ. మనిషుండగా ఇల్లు ఇంకోలికి ఎలగిత్తాం?"

ఫిలిప్పుకు మనసు తేలికపడింది. కాగితం మీద కూర్చున్న మనిషి దొరికాడు. చనిపోయినవాడైతేనేం, అతనికి కావలసింది తెలిసింది. ఇంతకంటే చిత్రమైన కోరికలు ఆఫీసుల్లో తీర్చాడు. తండ్రి నేస్తం వరసకు పెదనాన్నే కదా, అక్కడికక్కడే లేచి నిలబడి, మా పెదనాన్నను తీసుకుపోవడానికి వచ్చానని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రాతి పలకల మీద ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. చిన్నమ్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

వారం తిరక్కుండా రాయి వేశారు. దున్నను వాకిట్లో కట్టి కొత్త గుడ్డ కప్పారు. ఆడవాళ్ళు దాని చుట్టూ చేరి అన్నం ముద్దలు తినిపిస్తూ, సారా చుక్కలు మూతికి తడుపుతూ, బుధూ అని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. దాన్ని కసిరారు, దానితో నవ్వులాడారు. అప్పటిదాకా తల విసురుతూ తాడు గుంజుతున్న దున్న, చిన్నమ్మి చేతి ముద్ద తిన్నాక నిమ్మళించింది. తల తిప్పి జనంలో ఒక్కొక్కరినీ చూసింది. ఫిలిప్పు దగ్గర చూపు ఆపింది. తర్వాత దగ్గింది. పశువు దగ్గు కాదది. ఫిలిప్పు వినలేదని తనకు తాను చెప్పుకున్నాడు.

తాడు అతని చేతిలో పెడుతూ చిన్నమ్మి అంది, "తొందరపెట్టి నడపకు, మోకాళ్ళ నొప్పులు ఆడికి. మీరు తిన్నాక నానొచ్చి ఓపాలి సూసుకుంటాను. నానొచ్చి బాగున్నాడని సెప్పినాకే సబ."

అలా తీర్మానం ఇంకా చేతికి రాలేదు. నెలాఖరు దగ్గర పడింది.

ఫిలిప్పు దున్నను వ్యానులో ఎక్కించుకుని కొండ దిగాడు. దారి పొడవునా ఒకటే ఆలోచన. విగ్రహాలకు అర్పించినది తినకూడదని గుడిలో ఫాదర్ ఎన్నిసార్లు చెప్పాడో. తల్లి అంతోనమ్మ రోజూ జపమాల తిప్పుకునే మనిషి, ఆమె ముందు ఈ మాంసం ఎలా పెట్టడం? తీసుకుంటానన్నాడు, తీసుకున్నాడు. ఊరికి కావలసిన తంతు అయిపోయింది. తినడం ఎవరు చూడొచ్చారు? అటు ఊరూ నొచ్చుకోదు, ఇటు గుడీ నొచ్చుకోదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను చేసిందంతా ఇదే, రెండు పక్షాల మధ్య సందులోంచి కాగితం లాగడం.

సాలూరు సంతలో దున్నను అమ్మేశాడు. కొన్న వ్యాపారి దాన్ని లారీలో మిగతా పశువుల మధ్యకు ఎక్కించాడు. లారీ కదిలేదాకా అది చెక్కల సందులోంచి ఫిలిప్పునే చూసింది. వచ్చిన డబ్బు ఆదివారం గుడిలో కానుకల పెట్టెలో వేసేస్తే అంతా సరిపోతుందనుకున్నాడు. వేశాడు కూడా.

ఆ సాయంత్రమే అంతోనమ్మ అడిగింది, కంచె దగ్గర నిలబడిన ఆ ముసలాయన ఎవరని.

ఫిలిప్పు బయటికి వెళ్ళి చూశాడు. ఎవరూ లేరు. మర్నాడు దీపాలు పెట్టే వేళకు మళ్ళీ వచ్చాడట. ఆ మర్నాడు కూడా. అమ్మకు తప్ప ఎవరికీ కనిపించడు. ఏదో తాగుబోతు అనుకుని ఆమె మొదట అదిలించిందట. తర్వాత జాలేసి మజ్జిగ ఇవ్వబోతే పుచ్చుకోలేదట.

"మంగ్లు ఇల్లేదీ అనడుగుతన్నాడు," అంది అంతోనమ్మ. "మంగ్లంటే ఇక్కడెవులికి తెలుసు? మోసెస్ అని ఉండీవోడు, పోనాడు అన్నాను. అయితే నిలబడతానన్నాడు. మెళ్ళో తాడుందిరా ఫిలిప్పూ. కొస నేల మీద జీరుకుంటంది."

ఫిలిప్పు తెల్లారగానే సాలూరు పరిగెత్తాడు. వ్యాపారిని పట్టుకున్నాడు. లారీ ఎప్పుడో పల్లానికి దిగిపోయింది, ఆ దున్న ఎవరి చేతికి వెళ్ళిందో, ఎక్కడ తెగిందో ఎవరికీ తెలియదు. వ్యాపారికి ఒక్కటే గుర్తు. ఆ లారీ డ్రైవరు ఫోన్ చేసి, వెనక పశువుల్లో ఎవరో మనిషి దగ్గుతున్నాడని, రెండుసార్లు బండి ఆపి వెతికానని తిట్టాడట.

ఇంటికి తిరిగొచ్చేసరికి కబురు సిద్ధంగా ఉంది. చిన్నమ్మి రేపు బస్సుకు వస్తోంది. ఆమె తిరిగి వెళ్ళిన మర్నాడు సభ. అదే నెలలో ఆఖరి రోజు.

రాత్రంతా అబద్ధం కుదురుగా అల్లుకున్నాడు. తిన్నామని చెప్పాలి. అందరం తిన్నాం, పెదనాన్న కలలోకి వచ్చి నవ్వాడు అని చెప్పాలి. భానుకు ఫోన్ చేసి మూడు రోజుల్లో తీర్మానం చేతికి వస్తుందని కూడా చెప్పేశాడు.

చిన్నమ్మి సాయంత్రం బస్సు దిగింది. ఫిలిప్పు ఎదురెళ్ళి చేతి సంచి అందుకున్నాడు. ఇల్లు ఇంకా పది అడుగుల దూరం ఉందనగా ఆగిపోయింది. కంచె వైపు చూసి, దారి మధ్యలోనే చతికిలబడింది.

"ఏటి, ఇక్కడే ఉండిపోనావా?" అంది, ఖాళీ చోటును చూస్తూ. చాలాసేపు విన్నది. తల ఊపింది. తర్వాత ఫిలిప్పు వైపు తిరిగింది. "లోనికి పిలవనేదేటి?"

అల్లుకున్న అబద్ధం నోటిదాకా రాలేదు. సంతలో అమ్మేశానని చెప్పాడు. గుడి గురించి, ఫాదర్ గురించి, కానుకల పెట్టె గురించి కూడా చెప్పాడు. గుమ్మంలో నిలబడి అంతోనమ్మ అంతా వింది.

చిన్నమ్మి తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. పల్లం నుంచి ఇంత దూరం మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా నడిచొచ్చాడని మాత్రం అంది, అదీ ఆ ఖాళీ చోటుతోనే. తర్వాత చెప్పింది. మాంసం ఎలాగూ దొరకదు. ఇక రెండే దారులు. తాడు పట్టుకుని తను మళ్ళీ కొర్రపుట్టుకు తోలుకుపోతుంది, షెడ్డులో అతని మూల అతనికి ఉంటుంది, సభ సంగతి మర్చిపోవాలి. లేదా ఇంటి మగవాడు పిలవాలి. పిలిస్తే మరి పొమ్మనడానికి లేదు. తిని ఉంటే కలిసిపోయేవాడు, ఎవరికీ కనపడేవాడు కాదు. తినకుండా పిలిస్తే మనిషి లాగే ఉంటాడు. కూడు పెట్టాలి. చీకటి పడేసరికి ఇంట్లో మగవాడు ఉండాలి. లేకపోతే వెతుక్కుంటూ బయలుదేరతాడు.

"పుణ్ణేనికి పిలవకు," అంది. "ఉంచుకుంటేనే పిలు."

ఫిలిప్పుకు మార్చి నెలాఖరు కనిపించింది. గాజువాకలో పెట్టెల్లో కట్టి ఉంచిన యంత్రాలు కనిపించాయి. పని నేర్చుకోవడానికి పేర్లిచ్చిన కొర్రపుట్టు ఆడపిల్లలు కనిపించారు. తల్లి వైపు చూశాడు. ఆమె చేతిలో జపమాల ఆగిపోయి ఉంది.

"మీ అయ్య ఉంటే పిలుసును," అంది అంతోనమ్మ. "బతికినన్నాళ్ళూ ఈయన పేరెత్తితే అన్నం కాడ నుంచి లేచిపోయీవోడు. ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ఫాదర్ కాడ పాప సంకీర్తనంలో నాను సెప్పుకుంటాను. పిలు."

ఫిలిప్పు కంచె తలుపు తీసి పట్టుకున్నాడు.

"పెదనాన్నా, లోపలికి రా."

గాలి లేదు. వాకిట్లో పడుకున్న కుక్క లేచి, ఎవరికో దారి ఇచ్చినట్టు గోడ వారకు జరిగి కూర్చుంది. ఎండుగడ్డి వాసన, దాని వెనకే చుట్ట వాసన అతని భుజం పక్కగా లోపలికి వెళ్ళాయి. వసారాలో నులక మంచం నెమ్మదిగా కిందికి కుంగింది. చిన్నమ్మి అప్పుడు లేచి, కాళ్ళు కడుక్కుని, అంతోనమ్మ పక్కన కూర్చుని అన్నం తింది. అక్క వరస కలిపి అప్పా అప్పా అని పిలుస్తూ ఆమెతో కబుర్లు కూడా చెప్పింది.

సభ అరగంటలో అయిపోయింది. ఊరంతా వేలిముద్రలు వేసింది. సుక్రు కాగితాన్ని పైకి ఎత్తి చూసి, ఇప్పుడు అందులో రాసింది నిజమేనన్నాడు. ఫిలిప్పు ఆ కాగితం అరకులో అందించి, భోజనానికైనా ఆగకుండా పాచిపెంట బస్సు ఎక్కాడు. చీకటి పడుతుందని.

వానాకాలానికి కొర్రపుట్టు షెడ్డులో లేతు మిషన్లు తిరిగాయి. మొదటి టర్బైను పెదబయలు అవతల ఒక ఊళ్ళో దీపాలు వెలిగించింది. ప్రారంభోత్సవం సాయంత్రం పెట్టారు. ఫిలిప్పు వెళ్ళలేదు.

తర్వాత కొన్నాళ్ళకు భాను తనే కారులో పాచిపెంట వచ్చింది. చింతూరులో, శబరి నది పక్కన రెండో షెడ్డు. అక్కడ అనుమతులు ఇంతకంటే కష్టం, ఫిలిప్పు అయితేనే అవుతుంది. ఏడాది అక్కడే ఉండాలి. జీతం రెట్టింపు. మనిషి హుషారుగా ఉంది. వాకిట్లో కుర్చీ వేసినా కూర్చోకుండా మాట్లాడింది.

రాలేనన్నాడు ఫిలిప్పు. చీకటి పడేసరికి ఇంట్లో ఉండాలి మేడం అన్నాడు. ఇదేం కారణమని ఆమె విసుక్కుంది.

భాను అతని భుజం మీదుగా వసారాలోకి చూసింది. ముఖంలో విసుగు పోయింది. గొంతు తగ్గించింది.

"సారీ. పెద్దాయన మంచాన ఉన్నారని నాకు తెలీదు. మీ నాన్నగారా?"

ఫిలిప్పు వెనక్కి తిరిగాడు. ఖాళీ నులక మంచం. ఇన్ని నెలలుగా రోజూ చూస్తున్న ఖాళీ మంచం. అమ్మకు కనిపిస్తాడు, చుట్టుపక్కల పిల్లలకు కనిపిస్తాడు. తనకు ఒక్కసారీ కనిపించలేదు.

"మా నాన్న నేస్తం," అన్నాడు. ఎన్నాళ్ళ నుంచో ఎవరినీ అడగలేకపోయిన మాట అడిగాడు. "మేడం, ఆయన ముఖం ఎలా ఉంది?"

భాను ఆ ప్రశ్నకు తెల్లబోయింది. అయినా మళ్ళీ చూసింది. చూసి, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"మిమ్మల్నే చూస్తున్నారు," అంది.